టిక్కు పడని గడి

పోయిన మంగళవారం ఉదయం ఆర్డీవో ఆఫీసు వరండాలో ఉండగా ఫోను వచ్చింది. మా పక్కింటి టీచరు గారి చెల్లెలు.

"అక్కయ్య ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందండీ. టీ తాగి కప్పు కింద పెట్టింది, అంతే."

"ఎన్నింటికండీ?" అన్నాను. ఆవిడ చెప్పారు. వయసు అడిగాను. అదీ చెప్పారు. ఫోను పెట్టేశాక చూసుకుంటే జేబులోని పుస్తకం చేతిలో ఉంది, రెండు వివరాలూ అందులో రాసి ఉన్నాయి. ఎప్పుడు తీశానో గుర్తు లేదు.

ఉదయం ఎనిమిదింపావు. అరవై తొమ్మిదేళ్లు. ఈ రెండూ సరైనవే. ఆవిడ చూసినా వీటి మీద ఎర్ర సిరా పెట్టేవారు కాదు.

ఈ బ్లాగుకి వచ్చేవాళ్లలో చాలామందికి ఆవిడ తెలియదు. తెలియకపోవడానికి కారణం నేనే. ఆవిడ గురించి చెప్పాలంటే దాని గురించి కూడా చెప్పాలి.

నేను అమలాపురంలో విలేకరిగా చేరిన కొత్తలో, తొంభై ఒకటిలో, ఆవిడ పక్క వాటాలో అద్దెకు దిగాను. రెండిళ్లకీ మధ్య నడుము ఎత్తు గోడ. ఆవిడ రాజోలు అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి బడిలో సాంఘికం చెప్పేవారు. పొద్దున్నే రెండు బస్సులు మారి వెళ్లి, సాయంత్రం రెండు బస్సులు మారి వచ్చేవారు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వరండాలో కూర్చుని నోటుబుక్కులు దిద్దేవారు.

ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లకి ఈ పద్ధతి గుర్తుండే ఉంటుంది. తప్పు కింద గీత పెట్టి, మార్జిన్లో సరైన మాట రాసి, దాని పక్కన చిన్న గడి గీసేవారు. పిల్లవాడు అదే పేజీలో తప్పు సరిచేసి మళ్లీ తీసుకెళ్లి చూపిస్తే ఆ గడిలో టిక్కు పడుతుంది. గడి ఖాళీగా ఉన్నంత కాలం పాఠం అయినట్టు కాదు. వేరే పుస్తకంలో రాసి తెస్తే ఒప్పుకునేవారు కాదు. "తప్పు ఎక్కడుందో దిద్దుబాటు అక్కడే ఉండాలి" అనేవారు. నోటితో కూడా చెప్పేవారు కాదు. నలుగురిలో నిలబెట్టి తప్పు చెబితే పిల్లవాడికి తప్పు గుర్తుండదు, నలుగురే గుర్తుంటారని ఆవిడ లెక్క.

నేను చేరిన రెండో నెలలో గోడ మీద నా వార్త కటింగు ఒకటి కనిపించింది, పైన గులకరాయి పెట్టి. ఒక వీధిలో కొళాయి నెల్లాళ్లుగా ఎండిపోయిందని రాశాను. 'నెల్లాళ్లుగా' కింద ఎర్ర గీత. మార్జిన్లో: "పంతొమ్మిది రోజులు. ఆ వీధిలో మా అన్నయ్య ఉంటాడు." పక్కన గడి.

నాకు కోపం వచ్చింది. గోడ దగ్గరికి వెళ్లి, "పంతొమ్మిది రోజులైనా నీళ్లు రానట్టే కదండీ?" అన్నాను.

"ఆయ్, రానట్టే. మా వదిన బిందెలు మోసి మోసి నడుం పట్టేసి పడుకుంది."

"మరి?"

"మరి పంతొమ్మిదే రాయొచ్చుగా అబ్బాయ్? నెలని రాసేవనుకో, మునిసిపాలిటీ వాళ్లు ఆ పదకొండు రోజులు పట్టుకుని నిన్ను అబద్ధాలకోరంటారు. పంతొమ్మిది రాస్తే ఏవంటారు? నోరు మూసుకుని కొళాయి బాగుచేస్తారు."

మూడు రోజుల తర్వాత మా పేపర్లో ఒక లైను సవరణ వేయించి తీసుకెళ్లి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చదివి, పాత కటింగు తెప్పించుకుని, గడిలో టిక్కు పెట్టారు. పళ్లెంలో రెండు పూతరేకులు పెట్టి ఇచ్చారు.

అలా పదిహేనేళ్లు నడిచింది. గోదావరి దాటించే పంటు ఎన్ని బళ్లు మోస్తుందో, ఏ లంక ఏ మండలంలోకి వస్తుందో, వరదలో కొట్టుకుపోయినవి పాకలో పెంకుటిళ్లో, నేను పొరపాటు రాసిన ప్రతిసారీ గోడ మీద గులకరాయి కింద కటింగు ఉండేది. 'బాగుంది' అని మాత్రం ఎన్నడూ రాయలేదు. కటింగు రాకపోతే బాగున్నట్టు. నా వార్తలు నమ్మదగినవని జిల్లాలో ఎవరైనా అంటే ఆ మాటలో సగం ఆవిడకి రావాలి. ఇది నేను ఆవిడతో అనలేదు.

రెండువేల ఏడులో ఈ బ్లాగు మొదలుపెట్టాను. పేపర్లో పట్టనివి, డెస్కు కోసేసినవి ఇక్కడ టపాలుగా రాసుకోవచ్చని. పాఠకులతో అనుబంధం పెంచుకోవాలంటే బ్లాగు పక్క పట్టీలో ఏమేం తగిలించాలో చెప్పే ఇంగ్లీషు వ్యాసాలు అప్పట్లో బోలెడు దొరికేవి. అవన్నీ చదివి, చెప్పినవన్నీ తగిలించాను. ఎంతమంది వచ్చారో చూపించే కౌంటరు. ఎక్కడినుంచి వచ్చారో ఎర్రచుక్కలతో చూపించే ప్రపంచ పటం. తాజా వ్యాఖ్యల పట్టిక, ఎక్కువమంది చదివిన టపాల పట్టిక, కబుర్ల పెట్టె. ఒక కృతజ్ఞతా వాక్యం కూడా తయారుచేసి పెట్టుకున్నాను: "మీలాంటి పాఠకులు రాస్తేనే కదండీ మాకు ఉత్సాహం." ప్రతి వ్యాఖ్య కిందా దాన్నే అతికించేవాణ్ణి.

టీచరు గారు అప్పటికే రిటైరయ్యారు. బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో ఒకే ఒక కంప్యూటర్లో తెలుగు సరిగ్గా కనిపించేది. శనివారం శనివారం వెళ్లి, అది ఖాళీ అయ్యేదాకా కూర్చుని, ఒక్కొక్క టపా చదివి వచ్చేవారు. ఒకసారి గోడ దగ్గర పిలిచారు.

"నీ పటంలో నేనెక్కడున్నాను అబ్బాయ్?"

"అమలాపురంలో చుక్క ఉంటుందండీ."

"లేదు. నేను చదువుతుంటే హైదరాబాదులో వెలిగింది. సెంటరమ్మాయి చూపించింది. లైను అక్కణ్ణించి వస్తుందిట. నేను బస్టాండు దాటలేదు, నీ పటం నన్ను హైదరాబాదు పంపించేసింది. అందులో మిగతా చుక్కలు మాత్రం సరిగ్గా ఉన్నాయని ఏవిటి నమ్మకం?"

నేను నవ్వాను. ఆవిడా నవ్వారు. ఆ పటాన్ని అలాగే ఉంచాను. దేశదేశాల ఎర్రచుక్కలు చూడ్డానికి బాగుండేవి.

ఆ రోజుల్లో తెలుగు బ్లాగర్లందరికీ ఒక పట్టుదల ఉండేది, తెలుగు మాటలు తెలుగు అక్షరాల్లోనే రాయాలని. నాకూ ఉండేది. ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చిన వ్యాఖ్యల్ని దానంతటదే పక్కకి తోసేసే పరికరం ఒకటి దొరికితే తగిలించాను. మందులమ్మేవాళ్ల ప్రకటనలూ అవీ ఒకే కుప్పలో పడేవి. రాసినవాళ్లకి మాత్రం 'మీ వ్యాఖ్య పరిశీలనలో ఉంది' అని కనిపించేది. ఆ కుప్పని నేను ఎన్నడూ తెరిచి చూడలేదు. పరిశీలన అనేది ఏదీ లేదు.

రెండువేల ఎనిమిది నవంబరులో తొంభై ఆరు తుపాను గురించి ఒక టపా రాశాను. అందులో టీచరు గారు పనిచేసిన ఊరు ఉంది. ఆ సాయంత్రం బడి వాచ్‌మన్ తలుపుకి తాళం వేసి వెళ్లిపోయాడనీ, తలదాచుకుందామని వచ్చినవాళ్లు వెనక్కి తిరగాల్సి వచ్చిందనీ రాశాను. పేరు రాయలేదు. ఊరు పేరు రాశాక మనిషి పేరు అక్కర్లేదు.

ఆ మాట తొంభై ఆరులోనే సహాయ శిబిరంలో ఒకతను నాకు చెప్పాడు. రెండో మనిషి ఎవరూ చెప్పలేదు కాబట్టి అప్పుడు పేపరుకి పంపలేదు. పన్నెండేళ్ల తర్వాత పాత నోటుపుస్తకంలో కనబడితే బ్లాగులో పెట్టేశాను. మధ్యలో కొత్త ఆధారం ఏదీ రాలేదు. అడగడానికి డెస్కు లేదు, అంతే. ఆ బడిలో పనిచేసిన మనిషి నడుమెత్తు గోడకి అవతల ఉన్నారు. ఆవిణ్ణీ అడగలేదు.

నా టపాలన్నింటిలోకీ ఎక్కువమంది చదివినది అదే. ఆ వాచ్‌మన్‌ని తిడుతూ వ్యాఖ్యలు వరసగా వచ్చాయి. ప్రతిదాని కిందా నా కృతజ్ఞతా వాక్యం అతికించాను.

రెండు వారాల తర్వాత ఒక ఉదయం స్కూటరు తీస్తుంటే టీచరు గారు గోడ దగ్గరికి వచ్చారు.

"నేను రాసింది చూసేవా అబ్బాయ్?"

ఆవిడ రాసిందేదీ నాకు కనిపించలేదు. ఎక్కడో ఒక మంచి మాట రాసి ఉంటారనుకున్నాను. వెతికి చూసి చెబుతానండీ అంటే సరిపోయేది.

"ఆయ్, చూసేనండీ. చాలా బాగుందండి."

"బాగుందా?"

"ఆయ్. మీలాంటి పాఠకులు రాస్తేనే కదండీ మాకు ఉత్సాహం."

ఆవిడ గోడ మీంచి చెయ్యి తీసేశారు. "సరే, వెళ్లిరా" అని లోపలికి వెళ్లిపోయారు. ఆ తర్వాత గోడ మీద గులకరాయి కనిపించలేదు. నా రాత బాగుపడింది అనుకున్నాను.

ఈ ఏడాది, అంటే రెండువేల తొమ్మిది మే నెలలో బ్లాగు తెరుచుకోవడం ఆలస్యమవుతోందని ఎవరో అంటే, పనికిరానివి తీసేద్దామని ఆ కుప్ప తెరిచాను. ప్రకటనల మధ్య ఆవిడ వ్యాఖ్యలు మూడు ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నవాటిని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

మొదటిది: "అబ్బాయ్, తాళం వేసిన మాట నిజం. అప్పటికే లోపల అరవై మందికి పైగా ఉన్నాం. బస్సు రాక నేనూ ఆగిపోయేను. గాలికి గొళ్లెం ఊడిపోయి తలుపు తెరుచుకుపోతుంటే, అతను బయట గొలుసు చుట్టి తాళం వేసి, వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. పాకల్లోంచి ఒక ముసలావిణ్ణి, ఇద్దరు పిల్లల్ని ఎత్తుకొచ్చి వెనకనుంచే లోపలికి ఎక్కించేడు. ముందువైపు ఎవరైనా వచ్చి తాళం చూసి తిరిగిపోయి ఉంటారు. హోరులో మాకు వినపడలేదు. ఆ వాక్యం దిద్దు."

రెండోది నేను 'చాలా బాగుందండి' అన్న తర్వాతది: "ఊళ్లో తుపాను షెల్టరు తాళంచెవి ఇన్నేళ్లూ అతని దగ్గరే ఉండేది. పెద్దలు నమ్మి ఇచ్చేరు. నీ రాత అచ్చు తీసుకొచ్చి చూపించి కుర్రాళ్లు చెవి తీసేసుకున్నారుట. టీ కొట్టు దగ్గర, ఏం తాతా, తాళం వేసేవా అని పిలుస్తున్నారుట. నిన్న నా దగ్గరికి వచ్చేడు. దిద్దుతాడులే అని చెప్పి పంపించేను."

మూడోది ఒక్క లైను: "పరిశీలనలో ఉంది అంటోంది. ఎన్నాళ్లు పరిశీలిస్తావు?"

ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ వెతుక్కుని నొక్కి ఇవి రాయడానికి ఆవిడకి ఎన్ని శనివారాలు పట్టాయో సెంటరమ్మాయిని అడిగాను. మొదటిదానికే రెండు పట్టాయట. గోడ అవతలనుంచి ఒక్క మాట అంటే అయిపోయేది. ఆవిడ పద్ధతి అది కాదు. తప్పు బ్లాగులో ఉంది. దిద్దుబాటు అక్కడే పెట్టడానికి వెళ్లారు. నేను చూశానన్నాను. ఆవిడ నమ్మారు. చూసి కూడా దిద్దని మనిషినని ఆరు నెలలుగా అనుకుంటున్నారు.

ఆ రోజే దిద్ది ఉంటే ఇది ఇంకో రకంగా రాసేవాణ్ణి. దిద్దలేదు. ఊరికి వెళ్లి అందరినీ కలిసి, నవంబరుకి పూర్తి టపా రాద్దామనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న కారణం. అసలు కారణం, ఆ టపా పట్టికలో అన్నింటికన్నా పైన ఉంది. దాని కింద నూటికి పైగా వ్యాఖ్యలూ, ఒక్కొక్కదాని కిందా నా ధన్యవాదాలూ ఉన్నాయి. ఒక్క వాక్యం దిద్దితే వాటన్నింటికీ జవాబు చెప్పుకోవాలి. సవరణ వేయకుండా తప్పించుకునే అధికారుల మీద, పత్రికల మీద ఇదే బ్లాగులో రాసిన మనిషిని నేను.

మే నుంచి ఆవిడ పోయేదాకా గడిచిన ఆ రెండు నెలల్లో టీచరు గారు రెండుసార్లు పనసపొట్టు కొట్టి గోడ మీంచి ఇచ్చారు. రెండుసార్లూ తీసుకున్నాను. "ఆవపెట్టి వండమను, మీ ఆవిణ్ణి" అన్నారు. "ఆయ్" అన్నాను. ఇంకేమీ అనలేదు.

భూస్థాపన బుధవారం జరిగింది. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. పాటలు పాడుతుండగా ఒక పాత విద్యార్థి సమాధుల గోడ పక్కనున్న వాచ్‌మన్‌ని నాకు చూపించాడు. డెబ్బై దాటిన మనిషి. రెండు బస్సులు మారి వచ్చాడట. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను జనంలోంచి అవతలివైపుకి జరిగాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

సాయంత్రం ఆవిడ చెల్లెలు గారు ఒక కాయితం తెచ్చి ఇచ్చారు. పాటల పుస్తకంలో దొరికిందట. నా తుపాను టపా, ఇంటర్నెట్ సెంటర్లో అచ్చు తీయించినది.

"మీకు ఇవ్వాల్సిందేమో అనిపించిందండీ. గోడ దాకా రెండు మూడుసార్లు పట్టుకొచ్చి మళ్లీ లోపలికి తెచ్చేసింది అక్కయ్య. ఏవిటే అంటే, వాడు చూసేడుటలే, మళ్లీ చూపిస్తే బాగోదు అంది."

'తాళం వేసి వెళ్లిపోయాడు' అన్న వాక్యంలో ఆవిడ మొత్తానికి గీత పెట్టలేదు. 'తాళం వేసి' అన్నదాన్ని వదిలేసి, 'వెళ్లిపోయాడు' కింద మాత్రం పెట్టారు. మార్జిన్లో: "వెళ్లిపోలేదు." పక్కన గడి. నా మీద కోపంతో ఉన్నప్పుడు కూడా, నేను రాసినదాంట్లో నిజమైనంతవరకు ఆవిడ ముట్టుకోలేదు.

ఆ టపా ఆ రాత్రే దిద్దాను. సవరణ అడుగున కాదు, మొదటి వాక్యంగానే ఉంది, ఊరి పేరుతో సహా. ఆవిడ మూడు వ్యాఖ్యలూ ఆవిడ రాసిన అక్షరాల్లోనే ఇప్పుడు అక్కడ ఉన్నాయి. పక్క పట్టీ బోసిగా కనిపిస్తే ఏదో చెడిపోయిందనుకోకండి. కౌంటరు, పటం, పట్టికలు నేనే తీసేశాను. ఎవరు ఏ అక్షరాల్లో రాసినా ఇక పక్కకి పోదు. వచ్చినవన్నీ నేనే చదువుతాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. రెండేళ్ల కిందట చేయాల్సిన పని.

నిన్న ఆదివారం, దిద్దిన టపా అచ్చు తీయించుకుని ఆ ఊరు వెళ్లాను. ముందు కుర్రాళ్ల సంఘం వాళ్లకి ఇచ్చి, తప్పు నాదని చెప్పాను. ఒకతను నిలబడే చదివాడు. "చెవి ఆయనకి తిరిగి ఇచ్చేయొచ్చు కదండీ" అన్నాను. "మీటింగులో పెట్టి పరిశీలిస్తామండీ" అన్నాడు. నా బ్లాగు టీచరు గారికి చెప్పిన మాటే అది.

వాచ్‌మన్ ఇల్లు కాలవ గట్టు మీద చివరిది. ఆయనకి చదువు రాదు. గుమ్మంలో కూర్చుని, సవరణ మొత్తం పైకి చదివి వినిపించాను. మధ్యలో ఆపలేదు. అయ్యాక, "తప్పు నాదండీ. మిమ్మల్ని గానీ టీచరు గారిని గానీ అడక్కుండా రాసేను" అన్నాను.

ఆయన నా చేతిలో కాయితం కేసి వేలు చూపించాడు.

"ఇది టీచరమ్మ గారు చూసేరాండీ?"

"లేదండీ. ఆవిడ పోయేక రాసేను."

"అలాగాండీ" అన్నాడు. పరవాలేదు అని గానీ, క్షమించాను అని గానీ అనలేదు. అనాల్సిన పనీ లేదు.

నా చేతిలో రెండో కాయితం చూసి అదేమిటని అడిగాడు. టీచరు గారు ఎర్ర సిరాతో దిద్దినదని చెప్పి, వేలు పెట్టి 'వెళ్లిపోలేదు' అన్న మాట చూపించాను. ఆయన చేతులు పంచెకి తుడుచుకుని అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీది మీరు ఉంచుకోండి బాబుగారూ. ఇది నాకిచ్చెయ్యండి" అన్నాడు.

గుమ్మం పక్క గోడకి ఒక మేకు ఉంది. దాని కింద సున్నం మీద తాళంచెవి ఆకారంలో తుప్పు మరక. పన్నెండేళ్లు వేలాడిన గుర్తు. ఆయన ఆ కాయితాన్ని మేకుకి గుచ్చాడు.

గట్టు దిగి వెనక్కి చూశాను. సముద్రం వైపునుంచి గాలి వీస్తోంది. కాయితం లేచి, గోడకి కొట్టుకుని, మళ్లీ లేస్తోంది. లేచినప్పుడల్లా మార్జిన్లో ఎర్ర గడి కనిపిస్తోంది, లోపల ఏమీ లేకుండా.